ఎజారీ లేని గదిలో ఎన్నాళ్ళు?

జగిత్యాల దగ్గరి ఒక ఊరి నుంచి దుబాయ్ వెళ్ళిన ఇరవై తొమ్మిదేళ్ళ సోదరి రాసిన ఉత్తరం ఇది. పేరు వేయవద్దన్నారు. ఆరు పేజీల ఉత్తరంలోని ముఖ్యమైన సంగతులు ముందు చెబుతాను.

ఆమె భర్త మూడేళ్ళ కిందట దుబాయ్ వెళ్ళారు. అల్ కూజ్‌లో ఒక గోదాము కంపెనీలో స్టోర్స్ సూపర్‌వైజర్. అలవెన్సులన్నీ కలిపి జీతం నెలకు 10,000 దిర్హాములు. ఈమె నాలుగేళ్ళ పాపను తీసుకుని జూలై మొదట్లో విజిట్ వీసా మీద వెళ్ళారు. ఒకసారి పొడిగించుకున్నారు, సెప్టెంబరు చివరికి ఆ గడువూ అయిపోతుంది. ఈలోగా ఫ్యామిలీ వీసా రావాలంటే భర్త పేరున ఎజారీ, అంటే రిజిస్టరైన అద్దె ఒప్పందం, ఉండాలి. అది లేదు.

ఇప్పుడు ముగ్గురూ కరామాలో ఒక మూడు గదుల ఫ్లాట్‌లో ఒక గదిలో ఉంటున్నారు. కరెంటు, నీళ్ళు, ఇంటర్నెట్ కలిపి నెలకు 3,000. రెండో గదిలో ఇంకో కుటుంబం, మూడో గదిలో నలుగురు బ్యాచిలర్లు, హాల్లో ప్లైవుడ్ పార్టిషన్ వెనక మరో ఇద్దరు. ఫ్లాట్ లీజుకు తీసుకున్న ఒకాయన గదుల లెక్కన అద్దెకిస్తున్నాడు. రసీదు ఇవ్వడు, ఎజారీ కుదరదంటాడు. వంటింట్లో ఈమెకు పొద్దున ఒక గంట, రాత్రి ఒక గంట. బాత్రూముకు వెళ్ళాలన్నా తలుపు కొంచెం తీసి హాల్లో ఎవరున్నారో చూసుకుని వెళ్ళాలి. నైట్ డ్యూటీ వాళ్ళు పగలు పడుకుంటారు కాబట్టి పాపను రోజంతా ‘ష్’ అంటూ ఆపాలి.

భర్త స్నేహితుడొకడు 1,500 దిర్హాములకు వేరే ఫ్లాట్ చిరునామాతో ఎజారీ కాగితం చేయించే మనిషి ఉన్నాడని చెప్పాడు. భర్త దానికే మొగ్గుతున్నారు. అది కాదంటే షార్జాలోని అల్ నహ్దాలో సింగిల్ బెడ్‌రూమ్ ఉంది, ఏడాదికి 38,000, ఆరు చెక్కులు, అంటే ఏడాది అద్దెను ఆరు వాయిదాలకు ముందే చెక్కులు రాసివ్వాలి. ఈమెకు నచ్చింది దుబాయ్‌లోనే అల్ కుసైస్‌లో చూసిన స్టూడియో, అంటే విడి పడకగది లేని ఒంటి గది ఇల్లు, 46,000, నాలుగు చెక్కులు. అంత డబ్బు లేదంటున్నారు భర్త. ఇంటికి ఎంత పంపుతున్నారో ఈమెకు తెలియదు, అడిగితే కోపం. పోయిన వారం ‘కష్టమనిపిస్తే మీరిద్దరూ వెళ్ళిపోండి’ అన్నారట.

ఉత్తరం చివర ఇలా రాశారు: ‘మా నాన్న ఇరవై ఏళ్ళు మస్కట్‌లో పనిచేశారు. నాకు ఆయన సెలవులకు వచ్చే చుట్టంలాగే తెలుసు. నా బిడ్డకు అలా కాకూడదని అందరితో పోట్లాడి వచ్చాను. ఇప్పుడు వెనక్కి వెళ్తే ఓడిపోయినట్టే కదా? నేనేం చేయాలి?’

అమ్మా,

మీ ఉత్తరంలో నన్ను పట్టుకున్న వాక్యం మీరు మామూలుగా రాసేసినదే. పాప ఆడుకుంటూ తన బొమ్మలకు కూడా ‘ష్, అంకుల్ పడుకున్నాడు’ అని చెబుతోందని రాశారు. మీరు ఆ గది నుంచి బయటపడాలి. ఆ విషయంలో నాకు సందేహం లేదు. ఎప్పుడు, ఎక్కడికి, ఏ డబ్బుతో అన్నదే మనం మాట్లాడుకోవాల్సింది.

ముందు ఆ 1,500 దిర్హాముల కాగితం సంగతి. మిగతా అన్నింటిలో మీరిద్దరూ ఆలోచించుకుని ఏది చేసినా ఫర్వాలేదు, ఇది మాత్రం వద్దు. మీరు ఉండని ఇంటి పేరుతో కాగితం చేయించి వీసాకు పెట్టడమంటే ప్రభుత్వానికి దొంగ పత్రం ఇవ్వడమే. పట్టుబడితే అక్కడ జైలు, ఆ తర్వాత దేశం నుంచి పంపేయడం దాకా వెళ్తుంది. ‘అందరూ చేస్తున్నారు’ అని చెప్పిన స్నేహితుడి ఉద్యోగం పోదు, సంతకం పెట్టిన మీ వారి ఉద్యోగం పోతుంది. ఊళ్ళో ఆ జీతం మీద ఆధారపడినవాళ్ళందరి గతీ ఆ కాగితానికి ముడిపడుతుంది. ఈ మాట భయపెట్టినట్టు కాకుండా, లెక్క చెప్పినట్టు చెప్పండి ఆయనకు.

ఇప్పుడున్న గది కూడా మీరనుకుంటున్నంత చవక కాదు. దుబాయ్ అద్దె చట్టం ప్రకారం (2007 నాటి 26వ నంబరు చట్టం) యజమాని రాతపూర్వకంగా ఒప్పుకోకుండా అద్దెదారు ఇంకొకరికి అద్దెకివ్వకూడదు. ఇస్తే అద్దెదారును, అతని దగ్గర ఉన్నవాళ్ళను ఖాళీ చేయించే హక్కు యజమానికి ఉంటుంది. 2025 జూన్‌లో దుబాయ్ మున్సిపాలిటీ అల్ రిగ్గా, ముర్రఖ్ఖబాత్, సత్వా, అల్ బర్షా, అల్ రఫా లాంటి చోట్ల పార్టిషన్లు పెట్టిన ఫ్లాట్ల మీద తనిఖీలు మొదలుపెట్టింది. అగ్నిప్రమాదం జరిగితే హాల్లో ప్లైవుడ్ గోడలుండగా జనం బయటపడలేరన్నది వాళ్ళు చెప్పిన కారణం, అది నిజం కూడా. రేపు మీ ఫ్లాట్‌కు తనిఖీ వస్తే లీజుదారు ఫోన్ ఎత్తడు. రసీదు లేదు కాబట్టి అడ్వాన్సు అడగడానికి మీ చేతిలో ఆధారమూ ఉండదు. ఈ నెల నుంచైనా అద్దె నగదుగా ఇవ్వకుండా బ్యాంకు ద్వారా పంపమని మీ వారికి చెప్పండి. కనీసం జాడ ఉంటుంది.

ఇక అసలు విషయానికి వస్తాను. మీ ఉత్తరంలో ఇళ్ళ గురించి నాలుగు పేజీలు ఉన్నాయి. డబ్బు గురించి నాలుగు వాక్యాలు. ఏ ఇల్లు తీసుకోవాలన్నది మీరు ఇళ్ళు చూసి తేల్చలేరు, మీ వారు నెలకు ఊరికి ఎంత పంపుతున్నారో తెలిస్తే అదే తేలుతుంది. ఎలాగో చూడండి.

కుసైస్ స్టూడియో తీసుకుంటే మొదటి రోజు కావాల్సింది ఒక్క చెక్కు డబ్బు కాదు. మొదటి చెక్కు 11,500. సెక్యూరిటీ డిపాజిట్ సామాను లేని ఇంటికి సాధారణంగా 5 శాతం, అంటే 2,300. ఏజెంటు కమిషన్ మరో 5 శాతం, 2,300, దాని మీద వ్యాట్. దేవా కనెక్షన్‌కు, అంటే కరెంటు, నీళ్ళకు, తిరిగి వచ్చే డిపాజిట్ 2,000. ఎజారీ రిజిస్ట్రేషన్, చిల్లర ఫీజులు కొన్ని వందలు. అంతా కలిపి 18,500 దాకా అవుతుంది. మంచం, ఫ్రిజ్, స్టవ్ సెకండ్ హ్యాండ్‌లో కొన్నా 20,000 దాటుతుంది. ఆ తర్వాత ప్రతి మూడు నెలలకూ 11,500 సిద్ధంగా ఉండాలి. దేవా బిల్లులోనే మున్సిపాలిటీ హౌసింగ్ ఫీజు కూడా వస్తుంది, అది ఏడాది అద్దెలో 5 శాతం, నెలకు 190 చిల్లర. అంటే అద్దె, ఆ ఫీజు కలిపి నెలకు 4,025 పడుతుంది, ఏసీ కరెంటు వేరే. ఇప్పుడు కట్టే 3,000తో పోలిస్తే నెలకు వెయ్యి నుంచి పదిహేను వందలు ఎక్కువ.

మీ వారు ఊరికి 2,000 పంపుతుంటే ఈ ఇల్లు కష్టంగానైనా నడుస్తుంది. 3,000 అయితే ప్రతి ఖర్చూ చూసుకుంటూ బతకాలి, ఏప్రిల్‌లో పాప బడి ఫీజు వచ్చేసరికి ఊపిరాడదు. 4,500 అయితే నడవదు. నడవని ఇంటికి నాలుగు చెక్కులు రాసివ్వడం చాలా ప్రమాదం. ఖాతాలో డబ్బు లేక చెక్కు తిరిగొస్తే నేరుగా పోలీసు కేసు పెట్టే పద్ధతిని 2022 నుంచి చాలావరకు తీసేశారు. కానీ ఆ చెక్కునే పట్టుకుని యజమాని కోర్టు ద్వారా వసూలుకు వెళ్ళవచ్చు, ఖాతాలు ఆగిపోవచ్చు, ప్రయాణ నిషేధం పడవచ్చు. మీ వారు ‘డబ్బు లేదు’ అన్నప్పుడు ఆయన మనసులో ఉన్నది ఈ భయమే కావచ్చు. ఆ భయాన్ని మీకు చెప్పలేక కోపంగా మాట్లాడుతున్నారని నా అనుమానం.

గల్ఫ్‌లో పదకొండేళ్ళు ఉన్నదాన్ని. అక్కడి మగవాళ్ళలో నేను చూసిన ఒక సంగతి చెబుతాను. ఊళ్ళో ‘దుబాయ్‌లో ఉన్నాడు’ అన్న మాట చాలా బరువైనది. చెల్లెలి పెళ్ళి అప్పు, ఇంటి మీద శ్లాబు, తండ్రి మందులు అన్నీ ఆ మాట మీదే నడుస్తాయి. ఒంటరిగా ఉన్నప్పుడు బెడ్ స్పేస్‌లో, అంటే నలుగురితో కలిసి ఉండే గదిలో ఒక మంచం అద్దెకు తీసుకుని, ముడుచుకుని పంపిన మొత్తాన్ని, భార్యాబిడ్డలు వచ్చాక తగ్గించాలంటే అమ్మానాన్నల ముందు తలవంపుగా అనిపిస్తుంది. తగ్గించకపోతే మీ ముందు తలవంపు. ‘వెళ్ళిపోండి’ అన్న మాట ఆ రెండింటి మధ్య నలిగిన మనిషి నోట వచ్చినదిగా నాకు వినిపించింది. అంతమాత్రాన ఆ మాట సరైనదని కాదు. అది మీకు ఎంత గుచ్చుకుందో ఆయనకు తెలియాలి.

అందుకే ‘ఎంత పంపుతున్నారు?’ అని అడగకండి. ఆ ప్రశ్న ఆయనకు నేరం మోపినట్టు వినిపిస్తోంది. సెలవు రోజున, ఆ గదిలో కాకుండా బయట ఎక్కడైనా కూర్చుని, పైన నేను రాసిన లెక్కను ఆయన ముందు పెట్టండి. ‘ఇంటికి నెలకు ఇంత, తిండికి ఇంత, బడికి ఇంత. మిగిలిన గీత మీరు నింపండి, నేను ఎవరినీ ఏమీ అనను’ అనండి. ఆ మాట మీద నిలబడండి. ఎంత పెద్ద అంకె వచ్చినా అత్తగారి ఊసు ఆ పూట ఎత్తకండి. మీ నాన్నగారి గురించి నాకు రాసిన మాటలు ఆయనకు ఎప్పుడైనా చెప్పారా? ఉత్తరం చదివితే చెప్పినట్టు అనిపించలేదు. చెప్పండి. మీరు పెద్ద ఇంటి కోసం పోట్లాడుతున్నారని ఆయన అనుకుంటూ ఉండవచ్చు.

ఇక షార్జా. కాగితం మీద నెలకు ఏడెనిమిది వందలు మిగులుతాయి, పైగా విడిగా ఒక పడకగది వస్తుంది. అక్కడ చాలా భవనాలు కుటుంబాలకే ఇస్తారు కాబట్టి హాల్లోకి తొంగిచూసి నడిచే బాధ ఉండదు. ఒప్పందం మొదలైన మూడేళ్ళ వరకు అద్దె పెంచకూడదన్న నిబంధన కూడా అక్కడ అద్దెదారుకు మేలు. కానీ మీ వారి పని అల్ కూజ్‌లో. కారు లేదు. కంపెనీ బస్సు కరామా నుంచి ఉంది, షార్జా నుంచి లేదని మీరే రాశారు. పొద్దున అల్ ఇత్తిహాద్ రోడ్డు మీద షార్జా నుంచి దుబాయ్ వైపు వచ్చే ట్రాఫిక్ ఎలా ఉంటుందో అక్కడ ఎవరినడిగినా చెబుతారు. పోను గంటన్నర, రాను గంటన్నర అనుకుందాం. పాప లేవకముందే ఆయన బయల్దేరతారు, పాప పడుకున్నాక వస్తారు. అంటే ఒకే ఇంట్లో ఉన్నా నాన్న సెలవు రోజున కనబడే మనిషే అవుతాడు. మీరు దేని కోసం వచ్చారో దానితో పోల్చి ఆ ఏడెనిమిది వందలు తూచుకోండి. ఆయన కంపెనీలో డ్యూటీ వేళలు మారే వీలుంటే, లేదా షార్జా నుంచి కారులో వచ్చే సహోద్యోగి ఉంటే లెక్క మారుతుంది, అప్పుడు షార్జాను కొట్టిపారేయను. అక్కడి ఒప్పందంతో దుబాయ్ ఫ్యామిలీ వీసాకు ఇంకేం పత్రాలు కావాలో సంతకం పెట్టకముందే వీసా పనులు చూసే ఆమెర్ కేంద్రానికి వెళ్ళి అడగండి.

కుసైస్‌కు ఆ ప్రయాణం బాధ తక్కువ. మెట్రో గ్రీన్ లైన్ కుసైస్ నుంచి కరామా పక్కనే ఉన్న బుర్జుమాన్ దాకా నేరుగా వస్తుంది, అక్కడ కంపెనీ బస్సు అందుకోవచ్చు. ఆ ఇంటికి అడ్డు మొదటి 20,000 మాత్రమే అయితే, క్రెడిట్ కార్డు జోలికి పోకుండా ముందు కంపెనీని అడగమనండి. జీతంలో హౌసింగ్ అలవెన్సు ఉంటే దాన్ని మూడు నాలుగు నెలలు ముందుగా ఇచ్చే కంపెనీలు ఉన్నాయి. ఆరు చెక్కులకో, పన్నెండు చెక్కులకో ఒప్పుకునే యజమానులూ ఉంటారు, అద్దె కొంచెం ఎక్కువ అడుగుతారు. ఏజెంటుతో బేరమాడండి, అక్కడ అది తప్పు కాదు.

మీకు నచ్చని దారి ఒకటి మిగిలింది, వెనక్కి వెళ్ళడం. దాన్ని ఓటమి అనకండి. వీసా గడువు దాటి ఉంటే రోజుకు 50 దిర్హాముల జరిమానా పడుతుంది, ఆ టెన్షన్‌లో తీసుకునే ఏ ఇల్లూ మంచి ఇల్లు కాదు. మీరు సెప్టెంబరులో వెళ్ళి, ఆయన 900కు బెడ్ స్పేస్‌లోకి మారితే నెలకు 2,100 మిగులుతుంది. ఐదు నెలలకు 10,500. కంపెనీ అడ్వాన్సు కొంత తోడైతే ఫిబ్రవరికి ఇంటి డబ్బు సమకూరుతుంది, ఏప్రిల్‌లో ఇండియన్ స్కూళ్ళు మొదలయ్యేలోపు పాప అక్కడ ఉంటుంది. టికెట్లు, కొత్త వీసా ఖర్చు ఇందులోంచి పోతాయన్నది గుర్తుంచుకోండి.

ఈ దారిలో ఉన్న ముప్పు డబ్బు కాదు. ‘ఫిబ్రవరి’ అన్నది ‘దసరాకు’ అవుతుంది, ఆ తర్వాత ‘వచ్చే ఏడాది’ అవుతుంది. మీ జిల్లాలో ఇలా ఆగిపోయిన ఇళ్ళు ఎన్ని ఉన్నాయో నాకంటే మీకే బాగా తెలుసు. అందుకే వెళ్తే మాత్రం ఏ నెలలో తిరిగి వస్తారో, ఎంత పోగవ్వాలో ఇద్దరూ ఒప్పుకుని వెళ్ళండి. ఆ డబ్బు విడిగా ఒక ఖాతాలో ఉండాలి, అది మీకు కనబడాలి. దీనికి ఆయన ఒప్పుకోకపోతే అప్పుడు మీ సమస్య ఇల్లు కాదని తెలుస్తుంది, నాకు మళ్ళీ రాయండి.

ఏ ఇంటికి సంతకం పెట్టినా కొన్ని జాగ్రత్తలు. చెక్కు ఇంటి యజమాని పేరునో, నిర్వహణ కంపెనీ పేరునో ఉండాలి. ఏజెంటు సొంత పేరున రాయకండి, నగదు ఇవ్వకండి. టైటిల్ డీడ్‌లో, అంటే ఇంటి యాజమాన్య పత్రంలో, ఉన్న పేరు, ఒప్పందంలో ఉన్న పేరు ఒకటేనా చూడండి, అక్కడి భూముల శాఖ వారి దుబాయ్ రెస్ట్ యాప్‌లో ఏజెంటు లైసెన్సు కూడా చూసుకోవచ్చు. ‘చిల్లర్ ఫ్రీ’నా కాదా అని తప్పక అడగండి, అంటే ఏసీ చల్లదనం ఖర్చు అద్దెలోనే ఉందా, విడిగా బిల్లు వస్తుందా అని. మధ్యాహ్నం పూట వెళ్ళి ఏసీ వేసి అరగంట అక్కడే కూర్చోండి. సాయంత్రం చూసిన ఇల్లు ఎప్పుడూ బాగానే ఉంటుంది. దిగేముందు గోడలు, కుళాయిలు, ఓవెన్ అన్నీ వీడియో తీసి యజమానికి పంపండి, డిపాజిట్ తిరిగి అడిగేటప్పుడు అదే మీ సాక్ష్యం. సరైన ఎజారీ చేతికొస్తే హక్కులూ వస్తాయి. అద్దె పెంచాలంటే గడువుకు 90 రోజుల ముందు చెప్పాలి, పెంపు ప్రభుత్వ అద్దె సూచిక చెప్పిన పరిమితి దాటకూడదు. అమ్మకానికో, సొంతంగా ఉండటానికో ఖాళీ చేయమనాలంటే నోటరీ ద్వారానో, రిజిస్టర్డ్ పోస్టులోనో 12 నెలల నోటీసు ఇవ్వాలి. గొడవైతే దుబాయ్‌లోని డేరా ప్రాంతంలో అద్దె వివాదాల కేంద్రం ఉంది. ఇప్పుడున్న గదిలో మీకు వీటిలో ఒక్కటీ వర్తించదు.

ఆ నగరం మీకు నచ్చలేదని, ఎప్పటికీ నచ్చదని రాశారు. మీరు చూసింది జూలై, ఆగస్టు. రాత్రి పదింటికి కూడా ముప్పై డిగ్రీలు దాటి ఉండే నెలలవి, పక్కన సముద్రం ఉండటంతో గాలిలో తేమ కూడా. ఆ నెలల్లో అక్కడే పుట్టినవాళ్ళు కూడా బయటికి రారు. నా మొదటి వేసవిలో రోజూ ఏడ్చాను. అక్టోబరు చివర ఒక సాయంత్రం కిటికీ తీస్తే చల్లగాలి వచ్చింది, ఆ ఊళ్ళో నేను నడవడం మొదలుపెట్టింది ఆ రోజే. నవంబరు నుంచి మార్చి దాకా జబీల్ పార్కులో, మమ్జర్ తీరంలో సాయంత్రమంతా పిల్లల్ని వదిలేయవచ్చు. ఊరి మధ్య సముద్రపు పాయ, క్రీక్ మీద అబ్రా అనే పడవ ఎక్కడానికి మనిషికి ఒక దిర్హామే. ఇప్పటికైతే పాపను రోజుకు ఒక గంటైనా గట్టిగా మాట్లాడగలిగే చోటికి తీసుకెళ్ళండి. మాల్‌లో కొనకుండా తిరగడానికి సిగ్గుపడకండి, అక్కడ ఎండాకాలంలో అందరూ నడిచేది అక్కడే.

కంప్యూటర్‌లో లెక్కలు రాసే టాలీ వచ్చు, ఉద్యోగం చేస్తానన్నారు. విజిట్ వీసా మీద మాత్రం ఎక్కడా పనిచేయకండి, ఎవరు రమ్మన్నా. ఫ్యామిలీ వీసా వచ్చాక కంపెనీ మీకు వర్క్ పర్మిట్ తీస్తే చేయవచ్చు. మీ జీతం మీద లెక్క వేసుకుని ఇప్పుడే ఇల్లు తీసుకోవద్దు.

మాటలు ముదిరి, ఒంటరిగా అనిపిస్తే దుబాయ్ భారత కాన్సులేట్ వారి ప్రవాసీ భారతీయ సహాయతా కేంద్రానికి 800 46342కు ఫోన్ చేయండి. డబ్బు తీసుకోకుండా న్యాయ సలహా ఇస్తారు, మనసు విప్పి మాట్లాడటానికి కౌన్సెలర్లు కూడా ఉంటారు.

పాపకు స్నానం చేయించడానికి నీళ్ళు కాలిపోతున్నాయని ఒక మూల రాశారు. ఎండకు మేడ మీద ట్యాంకు కాగి చన్నీళ్ళ కుళాయిలో కూడా వేడినీళ్ళే వస్తాయి. మిగతావాళ్ళతో చెప్పి గీజర్ స్విచ్ ఆపేయండి. లోపల నిలిచిన నీళ్ళు ఏసీ చల్లదనానికి ఒక రోజులో చల్లబడతాయి. అప్పుడు వేడినీళ్ళ కుళాయి తిప్పి ఆ నీళ్ళు పోయండి. అక్టోబరు దాకా అక్కడ అందరం చేసే పని అదే.